పంట పెరిగినా ఆకలి ఎందుకు తగ్గదు? వ్యవసాయ విధాన పరిశోధన తేల్చిన కొన్ని సంగతులు

2024లో ప్రపంచంలో సుమారు 67 కోట్ల మంది ఆకలితో ఉన్నారని ఐక్యరాజ్యసమితి సంస్థల అంచనా. సరైన పోషకాహారం కొనుక్కునే స్తోమత లేనివాళ్లు ఇంకా ఎక్కువ, దాదాపు 260 కోట్ల మంది. ఈ అంకెలు వచ్చిన ప్రతిసారీ మొదట వినిపించే మాట ఒకటే: ఇంకా ఎక్కువ పండించాలి. అందులో నిజం లేకపోలేదు, కానీ అది సగం నిజమే. ప్రపంచం మొత్తం మీద పండే తిండి అందరికీ సరిపోతుంది. మరి ఎక్కడ తేడా వస్తోంది? ఎవరి దగ్గర పంట ఉంది, ఎవరి చేతిలో డబ్బుంది, ధర ఎప్పుడు పడిపోతుంది, రోడ్డు ఎక్కడిదాకా వేశారు, సరిహద్దు దగ్గర లారీని ఎవరు ఆపుతున్నారు అనే దగ్గర. వీటిలో చాలావరకు ప్రభుత్వాలు తీసుకునే నిర్ణయాలే. ఆ నిర్ణయాల వల్ల ఎవరికి ఎంత మేలు జరిగింది, ఎవరికి ఎంత నష్టం జరిగింది అని లెక్క తీసేదే వ్యవసాయ విధాన పరిశోధన.

ఈ దృష్టిని గట్టిగా నిలబెట్టింది అమర్త్యసేన్ 1981లో ప్రచురించిన అధ్యయనం. 1943 బెంగాల్ కరువులో లక్షల మంది చనిపోయారు, సేన్ అంచనా ప్రకారం దాదాపు 30 లక్షలు. ఆ ఏడాది బియ్యం సరఫరా అంతకుముందు ఐదేళ్ల సగటు కంటే 5 శాతం మాత్రమే తక్కువని, కరువు లేని 1941 కంటే ఎక్కువేనని ఆయన లెక్క చూపించాడు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది కూలీలు, జాలర్లు, చేతిపనులవాళ్లు. యుద్ధకాలంలో ధరలు చుక్కలనంటాయి, వీళ్ల కూలి మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. అంగట్లో బియ్యం ఉంది, వీళ్లకు కొనే దారి లేదు. ఆయన పంట లెక్కల మీద ఇప్పటికీ వాదనలు జరుగుతున్నాయి, అది వేరే సంగతి. కరువు వచ్చిందంటే పంట ఎంత అని మాత్రమే కాకుండా ఎవరు కొనగలుగుతున్నారు అని కూడా అడగాలన్నది మాత్రం అప్పటి నుంచి స్థిరపడిపోయింది.

అంతకు ముందు దారి వేరుగా ఉండేది. 1960లో ఫిలిప్పీన్స్‌లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ మొదలైంది, 1966లో ఐఆర్8 వరి వంగడం బయటికి వచ్చింది, మెక్సికోలో పొట్టి గోధుమ రకాలను తయారుచేసిన నార్మన్ బోర్లాగ్‌కు 1970లో నోబెల్ శాంతి బహుమతి దక్కింది. ఇలాంటి కేంద్రాలన్నిటినీ ఒక గొడుగు కిందికి తెస్తూ 1971లో సీజీఐఏఆర్ ఏర్పడింది. కొత్త విత్తనం వస్తే ఆకలి తీరిపోతుందన్న ఆశ అప్పట్లో బలంగా ఉండేది. సరిగ్గా ఆ సమయంలోనే 1972 నుంచి 1974 దాకా ప్రపంచ ధాన్యం ధరలు విపరీతంగా పెరిగాయి, బంగ్లాదేశ్‌లో, ఇథియోపియాలో కరువులు వచ్చాయి. 1974 నవంబర్‌లో రోమ్‌లో ప్రపంచ ఆహార సదస్సు జరిగింది. మరుసటి ఏడాది, 1975లో, వాషింగ్టన్‌లో అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థ, అంటే ఇఫ్‌ప్రి, పుట్టింది. ఇది విత్తనాలు తయారుచెయ్యదు. ధరలు, సబ్సిడీలు, వ్యాపారం, రేషన్, రోడ్లు, పోషణ: దీని పని వీటిమీదే.

ఈ రంగం బయటపెట్టిన విషయాల్లో అన్నిటికంటే ముఖ్యమైనది, చాలామందికి ఇప్పటికీ మింగుడుపడనిది ఒకటుంది. పేద దేశాల్లో చిన్న రైతుల్లో చాలామంది ఏడాది మొత్తం మీద అమ్మే తిండిగింజల కంటే కొనేవే ఎక్కువ. రైతు అనగానే అమ్మేవాడు అనుకుంటాం కదా, అందుకని ధర పెరిగితే రైతుకు లాభం అనుకుంటాం. పెద్ద కమతం ఉన్నవాడికి లాభమే. అరెకరం, ఎకరం ఉన్నవాడికి మాత్రం పండింది నాలుగైదు నెలలకు అయిపోతుంది, ఆ తర్వాత అతనూ సంచి పట్టుకుని బజారుకే పోవాలి. ధర పెరిగితే ఇలాంటి ఇంట్లోనే తిండి తగ్గుతుంది. అలాగని ధర తొక్కిపెడితే మిగులు పండించేవాడు ఆ పంట వేయడం మానేస్తాడు, అతని పొలంలో పని దొరికే కూలీ కూడా దెబ్బతింటాడు. ఏ దేశంలో ఏ పంటకు ఎవరు ఏ వైపున ఉన్నారో ఇంటింటి సర్వే చెయ్యకుండా తెలియదు. వియత్నాంలో 1990ల్లో బియ్యం ఎగుమతుల మీద కోటా ఉండేది, దేశం లోపల కూడా ఒక ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతానికి బియ్యం తీసుకెళ్లడానికి అడ్డంకులు ఉండేవి. ఎగుమతులు వదిలితే ధర పెరిగి పేదలు నష్టపోతారని ప్రభుత్వం భయపడింది. సర్వే లెక్కలు తీసిన ఇఫ్‌ప్రి పరిశోధకులు, అక్కడి పేదల్లో వరి అమ్ముకునేవాళ్లు కూడా చాలామంది ఉన్నారు కాబట్టి కోటా తీసేస్తే మొత్తం మీద పేదరికం కొంచెం తగ్గుతుందని చూపించారు. ఆ తర్వాత ఆంక్షలు సడలించారు. ఇదే సలహా ఇంకో దేశంలో పూర్తిగా తప్పు కావచ్చు. విధానాన్ని ఒకచోటి నుంచి ఎత్తుకొచ్చి ఇంకోచోట పెట్టడం ఎంత ప్రమాదమో చెప్పడానికి ఈ ఒక్క విషయం చాలు.

కోత కాలంలో ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. పశ్చిమ కెన్యాలో మొక్కజొన్న వేసే చిన్న రైతు పంట చేతికి రాగానే అమ్మేస్తాడు. పిల్లల ఫీజు కట్టాలి, అప్పు తీర్చాలి. అందరూ ఒకేసారి అమ్ముతారు కాబట్టి ధర అట్టడుగున ఉంటుంది. ఆరేడు నెలల తర్వాత ఇంట్లో గింజలు అయిపోతాయి, అదే రైతు అదే మొక్కజొన్నను ఎక్కువ ధరకు కొంటాడు. ఇది తెలివితక్కువతనం అనుకుంటే పొరపాటే. అతనికి ధరలు ఎలా నడుస్తాయో బాగా తెలుసు, ఆగడానికి చేతిలో డబ్బు లేదు, అంతే. కోత సమయంలో చిన్న అప్పు ఇస్తే ఏమవుతుందో కొందరు పరిశోధకులు కొన్ని రైతు గుంపులకు ఇచ్చి, కొన్నిటికి ఇవ్వకుండా పోల్చి చూశారు. 2019లో ఆ ఫలితాలు ప్రచురించారు. అప్పు అందిన రైతులు గింజలు దాచుకుని తర్వాత అమ్మి లాభపడ్డారు. అంతకంటే విలువైన సంగతి ఇంకొకటి బయటపడింది. ఎక్కువమంది రైతులకు అప్పు అందిన ప్రాంతాల్లో కోతప్పటి ధరకు, కొరత నెలల ధరకు మధ్య తేడా కూడా తగ్గింది. అంటే దాచుకున్నవాళ్ల లాభం కొంచెం తగ్గి, అప్పు తీసుకోని ఇరుగుపొరుగు కుటుంబాలకు కూడా మేలు జరిగింది. పాల్గొన్న రైతుల లాభం ఒక్కటే చూసి పథకాన్ని కొలిచి ఉంటే ఈ సంగతి లెక్కలోకే వచ్చేది కాదు.

బంగ్లాదేశ్ కథ ఇంకా పెద్దది, ఈ రంగం ఏం చెయ్యగలదో అడిగినవాళ్లకు ముందుగా చెప్పాల్సింది ఇదే. 1990ల మొదట్లో అక్కడ గ్రామీణ రేషన్ పథకం ఉండేది, తక్కువ ధరకు ధాన్యం ఇచ్చేవాళ్లు. అందులో దాదాపు 70 శాతం అసలు చేరాల్సిన ఇళ్లకు చేరడంలేదని పరిశోధనలో తేలింది. దారి మళ్లుతోందని అందరికీ తెలుసు, కానీ ఇంతని ఎవరూ లెక్క తేల్చలేదు. లెక్క బయటికి వచ్చాక ఆ పథకాన్ని కాపాడటం ఎవరివల్లా కాలేదు, 1992లో ఎత్తేశారు. ఇక్కడితో ఆగి ఉంటే ఇది ఖర్చు మిగిల్చుకున్న కథ మాత్రమే అయ్యేది. 1993లో దాని స్థానంలో చదువుకు తిండి అనే పథకం తెచ్చారు. పేద కుటుంబం తమ పిల్లల్లో ఒకరిని ప్రాథమిక బడికి పంపితే నెలకు 15 కిలోల గోధుమలు, ఒకరికంటే ఎక్కువ మందిని పంపితే 20 కిలోలు. బడి హాజరు 85 శాతం ఉండాలి. బడుల్లో చేరేవాళ్లు బాగా పెరిగారు, అబ్బాయిల కంటే అమ్మాయిలు ఎక్కువగా. తరగతి గదులు కిక్కిరిసి చదువు నాణ్యత మీద ఒత్తిడి పడిందని అదే పరిశోధకులు దాచకుండా రాశారు. గింజల్లో మళ్లీ చేతివాటం మొదలైందని కూడా తేలడంతో 2002లో ఆ స్థానంలో తల్లి పేరు మీద నగదు ఇచ్చే పథకం వచ్చింది. ఒక పథకాన్ని కొలవడం, తప్పు చూడటం, మార్చడం, మళ్లీ కొలవడం ఇంత ఓపికగా జరిగిన దేశాలు అరుదు.

అదే దేశంలో 1998లో వచ్చిన వరద దాదాపు మూడింట రెండు వంతుల భూభాగాన్ని ముంచేసింది, వారాల తరబడి నీళ్లు తగ్గలేదు. 1974లో వరద తర్వాత కరువు వచ్చి లక్షల మంది ప్రాణాలు పోయాయి కాబట్టి అందరికీ అదే భయం. ఈసారి ఆ స్థాయి కరువు రాలేదు. కారణం ఏమిటంటే 1990ల మధ్యకల్లా ప్రైవేటు వ్యాపారులు బియ్యం దిగుమతి చేసుకోవడానికి అనుమతి ఇచ్చేశారు. వరద సమయంలో స్థానిక ధర పెరగగానే వందలాది మంది చిన్న వ్యాపారులు భారత్ నుంచి లారీల మీద, రైళ్ల మీద బియ్యం తెచ్చారు, మొత్తం 20 లక్షల టన్నులకు పైనే. ప్రభుత్వం తనంతట తాను అంత తేగలిగేది కాదు. ప్రభుత్వం చెయ్యాల్సిన పని వేరే ఉంది, డబ్బు పూర్తిగా పోగొట్టుకున్న కుటుంబాలకు గింజలు అందించడం, అది చేసింది. ధాన్యం వ్యాపారి అంటే దొంగనిల్వల మనిషి అన్న అనుమానం చాలా దేశాల పాలకుల్లో ఉంది. కొన్నిచోట్ల అది నిజం కూడా. కానీ సరిహద్దు తెరిచి ఉంచి, ఆ నియమాన్ని మధ్యలో మార్చబోమని ముందే నమ్మకం కలిగిస్తే అదే వ్యాపారి ప్రాణాలు నిలబెట్టగలడు.

దీనికి సరిగ్గా ఎదురు జరిగింది 2008లో. ఆ సీజన్‌లో ప్రపంచ వరి ఉత్పత్తి బాగానే ఉంది, అయినా థాయ్ బియ్యం ధర 2007 నవంబర్‌లో టన్ను 350 డాలర్ల లోపు నుంచి ఏప్రిల్ ఆఖరుకల్లా 1,000 డాలర్లు దాటింది. గోధుమ ధరలు పెరగడం చూసి భారత్, వియత్నాం తమ జనం కోసమని బియ్యం ఎగుమతులు ఆపాయి, అది చూసి భయపడిన ఫిలిప్పీన్స్ ఎంత ధరైనా సరే అని టెండర్లు పిలిచింది, దాంతో టెన్షన్ ఇంకా పెరిగింది. ఎవరి దేశం వరకు చూస్తే వాళ్లు చేసింది న్యాయమే. అందరూ కలిసి చేసేసరికి దిగుమతి చేసుకునే పేద దేశాల నోటికాడ కూడు లాగేసినట్టయింది. తిండి అల్లర్ల మధ్య హైతీలో ప్రధానమంత్రి పదవి పోగొట్టుకున్నాడు. ధర ఎలా దిగిందో కూడా తెలుసుకోదగ్గదే. జపాన్ దగ్గర వాణిజ్య ఒప్పందాల కింద దిగుమతి చేసుకుని గోదాముల్లో పెట్టిన విదేశీ బియ్యం ఉంది. ఆ నిల్వను ఫిలిప్పీన్స్‌కు అమ్మవచ్చన్న ప్రతిపాదన కొందరు నిపుణుల దగ్గర మొదలై వాషింగ్టన్, టోక్యో దాకా వెళ్లింది. అమ్ముతామన్న ప్రకటన రాగానే, ఒక్క బస్తా కూడా కదలకముందే, ధరలు పడిపోయాయి. 2011లో జీ20 దేశాలు ధాన్యం నిల్వలు, పంట అంచనాలు ఒకచోట పంచుకునే వ్యవస్థను పెట్టుకోవడానికి ఈ అనుభవం, 2010లో రష్యా గోధుమ ఎగుమతి నిషేధం, రెండూ కారణం. అయినా 2023 జులైలో భారత్ బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతులు మళ్లీ ఆపింది, 2024 సెప్టెంబర్‌లో గాని ఎత్తివేయలేదు. లెక్కలు ఎంత స్పష్టంగా ఉన్నా ఎన్నికల ముందు నిత్యావసరాల ధర ఏ ప్రభుత్వాన్నైనా వణికిస్తుంది, దాన్ని తట్టుకునే ఏర్పాటు పరిశోధకులు ఇంకా చూపించలేకపోయారు.

రాజకీయాన్ని కూడా లెక్కలోకి తీసుకుని నెగ్గిన ఉదాహరణ మెక్సికో. 1997లో మొదలుపెట్టిన ప్రొగ్రెసా పథకంలో పిల్లలు బడికి వెళ్లాలి, ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాలి, అలా చేసిన కుటుంబంలో తల్లి చేతికి నగదు ఇస్తారు. హైస్కూలు వయసులో అమ్మాయికి అబ్బాయి కంటే కాస్త ఎక్కువ. దీన్ని రూపొందించిన ఆర్థిక శాఖ ఉపమంత్రి శాంటియాగో లెవీకి ఒక విషయం బాగా తెలుసు, మెక్సికోలో ప్రభుత్వం మారినప్పుడల్లా పాత పథకం పేరు చెరిపేస్తారు. అందుకని మొదటి నుంచే బయటి సంస్థతో మూల్యాంకనం పెట్టించాడు. 506 ఊళ్లు తీసుకుని, లాటరీ పద్ధతిలో 320 ఊళ్లకు ముందు ఇచ్చి, 186 ఊళ్లకు తర్వాత ఇచ్చారు, రెండిటినీ పోల్చే పని ఇఫ్‌ప్రి చేసింది. అమ్మాయిల హైస్కూలు చేరికలు పెరిగాయి, చిన్నపిల్లల్లో జబ్బులు తగ్గాయి. 2000లో ఏడు దశాబ్దాలుగా పాలిస్తున్న పార్టీ ఓడిపోయింది. కొత్త ప్రభుత్వం పథకాన్ని రద్దు చెయ్యకుండా పేరు మార్చి పట్టణాలకు కూడా విస్తరించింది, ఎందుకంటే బల్ల మీద ఫలితాలున్నాయి. 2019లో మాత్రం ఇంకో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. ఆధారం రెండు దశాబ్దాలు కాపాడింది, శాశ్వతంగా కాపాడలేదు.

ఇథియోపియా అనుభవం అంత సాఫీగా లేదు. 2001, 2002 ప్రాంతంలో మొక్కజొన్న బాగా పండింది, ధర ఎంతగా పడిపోయిందంటే కొందరు రైతులు కోత కూలి కూడా రాదని పంటను పొలంలోనే వదిలేశారు. విత్తనం, ఎరువు కోసం తెచ్చిన అప్పు తీర్చలేక తర్వాతి ఏడాది ఎరువు తగ్గించారు. ఆ వెంటనే వర్షాలు ముఖం చాటేశాయి, 2003 నాటికి కోటి మందికి పైగా తిండి సాయం కోసం ఎదురుచూశారు. మిగులు ప్రాంతం నుంచి కొరత ప్రాంతానికి గింజలు కదలకపోవడమే ఇందులో అసలు జబ్బు అని ధాన్యం మార్కెట్ల మీద ఏళ్లపాటు పనిచేసిన ఆర్థికవేత్త ఎలెనీ గాబ్రే-మధిన్ వాదించింది. ఆమె నాయకత్వంలోనే 2008లో అడిస్ అబాబాలో సరుకుల ఎక్స్ఛేంజ్ తెరిచారు. రైతు ముఖం తెలియకపోయినా నాణ్యత గ్రేడ్ చూసి, గోదాము రసీదు మీద కొనుగోలు జరగాలన్నది ఆలోచన. కానీ మొక్కజొన్న, గోధుమ వ్యాపారులు పాత నమ్మకస్తులతోనే అమ్మకాలు కొనసాగించారు, ఎక్స్ఛేంజ్‌కి రాలేదు. చివరికి ప్రభుత్వం చట్టం చేసి కాఫీ అమ్మకాలను అటు మళ్లించాక అది నడిచింది. ఆకలి కోసం మొదలైన సంస్థ ప్రధానంగా ఎగుమతి పంటల వేదిక అయింది. సమస్యను గుర్తించడంలో పరిశోధన తప్పు చెయ్యలేదు. గోదాములు, రోడ్లు, అప్పు దొరికే దారి, చిన్న వ్యాపారికి నమ్మకం, ఇవన్నీ లేనిచోట ఒక్క సంస్థ మీద అంత బరువు పెట్టడమే తప్పయింది.

ఇంకా పెద్ద తప్పులు కూడా జరిగాయి. 1980, 90ల్లో అప్పులిచ్చే అంతర్జాతీయ సంస్థలు ఆఫ్రికా దేశాల్లో రైతుల పంట కొని అమ్మే ప్రభుత్వ మార్కెటింగ్ బోర్డులను కుదించమని, ఎరువుల సబ్సిడీ ఆపమని షరతులు పెట్టాయి. ఆ బోర్డుల్లో అవినీతి, నష్టాలు నిజమే. వాటిని తీసేస్తే ప్రైవేటు వ్యాపారి వచ్చి ఆ చోటు నింపుతాడన్న నమూనా మాత్రం రోడ్డులేని ఊళ్లలో పనిచెయ్యలేదు. మలావీలో 1998లో చిన్న రైతులందరికీ ఉచితంగా విత్తనం, ఎరువు ఉన్న చిన్న ప్యాకెట్లు ఇచ్చారు, తర్వాత దాతల ఒత్తిడితో దాన్ని తగ్గించారు. పంట కూడా దెబ్బతినడం, అత్యవసర ధాన్యం నిల్వ అమ్మేయడం తోడై 2002లో కరువు వచ్చింది. 2005 తర్వాత మలావీ ప్రభుత్వం దాతల మాట వినకుండా పెద్ద ఎత్తున ఎరువుల సబ్సిడీ మొదలుపెట్టింది, వానలూ కలిసొచ్చాయి, మొక్కజొన్న బాగా పండింది. అప్పుడు ప్రపంచమంతా మెచ్చుకుంది. ఆ తర్వాత ఏళ్లలో ఆ సబ్సిడీయే వ్యవసాయ బడ్జెట్‌లో పెద్ద భాగం మింగేసి రోడ్లకు, పరిశోధనకు, రైతులకు సలహాలిచ్చే విస్తరణ సేవలకు మిగల్చలేదు. రెండు పక్షాలూ కొంత ఒప్పు, కొంత తప్పు. శ్రీలంక 2021 ఏప్రిల్‌లో రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించి, వరి దిగుబడి పడిపోతుంటే నవంబర్‌లో వెనక్కి తగ్గాల్సి రావడం మాత్రం ఇంత చర్చ అక్కర్లేని విషయం. కొన్ని జిల్లాల్లో రెండు సీజన్లు ప్రయత్నించి చూసి ఉంటే సరిపోయేది.

ఆకలి అంటే గింజల లెక్క మాత్రమే కాదని చూపించడంలో కూడా ఈ రంగం వాటా ఉంది. 1970 నుంచి 1995 వరకు 63 దేశాల సమాచారం తీసి పిల్లల్లో పోషకాహార లోపం ఎందుకు తగ్గిందో చూస్తే, ఆ తగ్గుదలలో 43 శాతం ఆడవాళ్ల చదువు పెరగడం వల్ల, 26 శాతం తిండి లభ్యత పెరగడం వల్ల అని 2000లో వచ్చిన ఇఫ్‌ప్రి అధ్యయనం తేల్చింది. బుర్కినాఫాసోలో ఒకే ఇంట్లో, ఒకే ఏడాది, ఒకే పంట వేసిన భార్యాభర్తల మడులను పోల్చారు. భార్య మడిలో దిగుబడి బాగా తక్కువ. చేతకాక కాదు, ఇంట్లో ఉన్న పశువుల ఎరువు దాదాపు మొత్తం భర్త మడికే వెళ్తోంది, కూలీలూ అక్కడికే. ఎరువులో కొంత ఇటు వేస్తే ఆ ఇంటి మొత్తం పంటే పెరుగుతుంది. రైతు కుటుంబం అని ఒక్క ముద్దగా లెక్కేసే ఏ పథకమైనా ఈ సంగతిని దాటేస్తుంది.

డబ్బు ఎటు పోతోందో చూస్తే మాత్రం బాధ కలుగుతుంది. ప్రపంచంలో ప్రభుత్వాలు రైతులకు ఇచ్చే మద్దతు ఏడాదికి దాదాపు 54,000 కోట్ల డాలర్లు, అందులో 87 శాతం ధరలను వక్రీకరించేదో, పర్యావరణానికి హాని చేసేదో అని 2021లో ఐక్యరాజ్యసమితి సంస్థలు లెక్కగట్టాయి. మరోపక్క, భారత్‌లో రాష్ట్రాలవారీగా ప్రభుత్వ ఖర్చును పరిశీలించిన అధ్యయనంలో పెట్టిన ప్రతి రూపాయికి పేదరికాన్ని ఎక్కువగా తగ్గించినవి గ్రామీణ రోడ్లు, ఆ తర్వాత వ్యవసాయ పరిశోధన అని తేలింది. బడ్జెట్‌లో బలమైన గొంతు లేనివి కూడా ఇవే. రోడ్డు వల్ల లాభపడేవాళ్లు చెల్లాచెదురుగా ఉంటారు, పరిశోధన ఫలితం పదేళ్లకు గాని కనిపించదు, సబ్సిడీ మాత్రం ఈ సీజన్‌లోనే చేతికందుతుంది. ఆఫ్రికా దేశాలు 2003లో మొజాంబిక్ రాజధాని మపుటోలో తమ బడ్జెట్లలో 10 శాతం వ్యవసాయానికి ఇస్తామని ఒప్పుకున్నాయి, చాలా దేశాలు ఆ గీత దాటనే లేదు. 2014లో ఈక్వటోరియల్ గినియాలోని మలాబోలో 2025కల్లా ఆకలి లేకుండా చేస్తామన్నాయి. ఆ ఏడాదీ గడిచిపోయింది, ఆఫ్రికాలో ఐదుగురిలో ఒకరికి పైగా ఇంకా ఆకలితోనే ఉన్నారు.

ఇప్పుడు వచ్చిపడిన దెబ్బ ఇంకా లోతైనది. పైన చెప్పిన ప్రతి ఫలితం వెనకా ఎవరో ఇంటింటికీ వెళ్లి అడిగిన సర్వే ఉంది, పిల్లవాడి ఎత్తు కొలిచిన చెక్క పలక ఉంది, వారంవారం బజారు ధర రాసుకున్న మనిషి ఉన్నాడు. 1984లో మొదలై 90కి పైగా దేశాల్లో జనాభా, ఆరోగ్య సర్వేలు చేయించిన అమెరికా నిధుల కార్యక్రమాన్ని 2025 ఫిబ్రవరిలో ఆపేశారు. ఇథియోపియా కరువు తర్వాత 1985లో పుట్టిన కరువు ముందస్తు హెచ్చరిక వ్యవస్థ వెబ్‌సైట్ కూడా ఆ ఏడాది జనవరి చివర్లో మూతపడి, కొన్ని నెలల తర్వాత గాని తిరిగి తెరుచుకోలేదు. సర్వే ఆగిపోయిన దేశంలో సబ్సిడీ సగానికి కోసినా, రేషన్ రెట్టింపు చేసినా పిల్లల ఎదుగుదల మీద దాని ప్రభావం ఏమిటో చెప్పగలిగేవాళ్లు ఉండరు, తర్వాత ఎప్పుడో నిధులు వచ్చినా మధ్యలో పోయిన ఏళ్లను వెనక్కి వెళ్లి కొలవడం కుదరదు. ఆ ఖాళీని నింపగలిగేది ఆయా దేశాల సొంత గణాంక కార్యాలయాలు, సొంత వ్యవసాయ ఆర్థికవేత్తలే. వాళ్లకు జీతాలు, ఫీల్డ్ ఖర్చులు దేశ బడ్జెట్ నుంచే ఏటా వచ్చేలా చెయ్యడం, దాతల ప్రాజెక్టు ముగిసినప్పుడల్లా అనుభవమున్న పరిశోధకులు వేరే ఉద్యోగాలు చూసుకునే పరిస్థితి ఆపడం ఏ కొత్త పథకం ప్రకటించడం కంటే ముందు జరగాలి.